చూచియు చూడని సంగతులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల శిబిరములో మాట్లాడుమని పిలిచినప్పుడు సాధారణముగా మేము పథకములను గురించి చెప్పుదుము. నిధులు ఎట్లు వచ్చును, లెక్కలు ఎట్లు వ్రాయవలెను, తీర్మానము ఏ విధముగా చేయవలెను అను విషయములు మీరు ఇదివరకే వినియున్నారు. ఈ దినము వేరొక సంగతి చెప్పదలచినాము. అది మీ కన్నులకును, వాని వెనుకనున్న మనస్సునకును సంబంధించినది. పంచాయతీ పనికిని దీనికిని సంబంధమేమి యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ సంబంధము మాకు కూడ చాలకాలము తెలియలేదు. ఒక సాయంకాలము ఒక పసివాడు మాకు దానిని నేర్పినాడు. ఆ కథ తరువాత చెప్పెదము.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ ఇంటినుండి పంచాయతీ కార్యాలయమునకు ప్రతిదినము నడచు దారికి ఇరుప్రక్కల, కనుచూపు మేరలో, నీరు పడక విడిచివేసిన బోరు బావులు ఎన్ని కలవు? వానిలో నోరు మూసినవెన్ని? తెరచియున్నవెన్ని? సమాధానము వెంటనే చెప్పనక్కరలేదు. మా ప్రసంగము ముగియువరకు దానిని మనస్సులో ఉంచుకొనుడు.

సంతలో చెవి

సంతకు వెళ్ళినవానిని తలచుకొనుడు. ఒక ప్రక్క కూరగాయల బేరము, ఒక ప్రక్క ఎడ్ల బేరము, గాజులమ్మువాని కేక, మైకులో పాట, బస్సు హారను. ఇన్ని ధ్వనులు ఒక్కసారిగా చెవిలో పడుచుండగనే అతడు ఎదుట నిలిచిన వియ్యంకునితో పెండ్లి మాటలు మాట్లాడుకొనుచుండును. ఆ మాటలు స్పష్టముగా వినబడును, మిగిలినదంతయు హోరు. ఇంతలో పది గజముల దూరమున ఎవరో తన పేరు పలికినచో చెవి చటుక్కున అటు తిరుగును. రాత్రి రోడ్డుమీద ఎన్ని లారీలు పోయినను మేలుకొనని తల్లి, ఉయ్యాలలోని బిడ్డ మెల్లగా మూలిగినంతనే లేచి కూర్చుండును. లారీ చప్పుడు పెద్దదా, బిడ్డ మూలుగు పెద్దదా? చప్పుడు పరిమాణమును బట్టి మనము వినుట లేదని దీనివలన తెలియుచున్నది.

1953వ సంవత్సరములో కోలిన్ చెర్రీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి చూచెను. మనిషి రెండు చెవులకు రెండు వేర్వేరు ప్రసంగములు వినిపించి, ఒక చెవిలో వినబడుదానిని మాత్రము వెంటవెంట పైకి చెప్పుమనెను. వారు చక్కగా చెప్పిరి. తరువాత రెండవ చెవిలో ఏమి వినబడినదని అడుగగా, మగవాని గొంతు ఆడదాని గొంతుగా మారినచో ఆ సంగతి చెప్పగలిగిరి గాని, అక్కడ పలికిన మాట ఒక్కటియు చెప్పలేకపోయిరి. నడుమ ఇంగ్లీషు పోయి జర్మను భాష వచ్చినను గుర్తింపలేదు. చెవిలోనికి చేరినది మనస్సునకు చేరలేదన్నమాట. 1958లో డోనాల్డ్ బ్రాడ్‌బెంట్ అను మరియొక శాస్త్రజ్ఞుడు, ఇంద్రియములకును తెలివికిని నడుమ జల్లెడవంటిది ఒకటి ఉన్నదని వ్రాసెను. 1959లో నెవిల్ మోరే అను నతడు, వినవలదన్న చెవిలో వారి పేరునే పలికించి చూడగా, ఇంచుమించు మూడింట ఒకరికి అది వినబడినది. జల్లెడ గట్టిదే యైనను మన సొంత పేరునకు కొంత సందు విడుచునని దీని తాత్పర్యము.

ఈ తలంపు మన దేశమునకు క్రొత్తది కాదు. ఒకేసారి అనేక జ్ఞానములు కలుగకపోవుటయే మనస్సు ఉన్నదనుటకు గుర్తు అని గౌతముని న్యాయసూత్రములు చెప్పుచున్నవి. మనస్సు వేరొకచోట నుండగా కన్ను చూడదు, చెవి వినదు అను భావము బృహదారణ్యకోపనిషత్తులోను కలదు. పెద్దలు ధ్యానమున కూర్చుండి గ్రహించినదానిని ఇప్పటివారు ప్రయోగశాలలో కొలిచి చూపిరి.

అర్జునుని చూపు

ఈ జల్లెడ లోపమని మీరు తలచవద్దు. అది లేనిచో మనము ఒక్కపూట కూడ బ్రతుకలేము. కంటబడిన ప్రతి ఆకును, చెవిబడిన ప్రతి సవ్వడిని సమముగా పట్టించుకొనువాడు నాగలి మేడి పట్టి ఒక్క చాలైనను తిన్నగా దున్నలేడు.

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ మన గ్రామములలో పిల్లలకు సైతము తెలియును. చెట్టుమీద బొమ్మ పక్షిని ఉంచి, ఏమి కనబడుచున్నదని ఒక్కొక్కరిని అడిగెను. ఒకడు చెట్టన్నాడు, ఒకడు కొమ్మలన్నాడు, ఒకడు తోడివారన్నాడు. అర్జునునికి మాత్రము పక్షి తల తప్ప మరేమియు కనబడలేదు. గురువు అతనినే మెచ్చెను. బాణము వేయువానికి ఆ చూపు కావలసినదే. కాని ఆ కథలోనే మరియొక సంగతి దాగియున్నది. ఆ క్షణమున కొమ్మపై పాము ప్రాకుచున్నను, చెట్టు క్రింద పసిబిడ్డ ఆడుకొనుచున్నను అర్జునునికి కనబడియుండదు. విలుకానికి అది దోషము కాదు. చెట్టును కాపాడువానికి మాత్రము ఆ చూపు ఒక్కటియే చాలదు. పంచాయతీ సభ్యుడు ఒక గడియ విలుకాడు, ఒక గడియ తోటమాలి. రోడ్డు పని పట్టినప్పుడు రోడ్డునే చూడవలెను. గ్రామమును చూచునప్పుడు గ్రామమంతయు చూడవలెను. ఈ రెండవ పని ఎంత కష్టమో వినుడు.

ఎదుటనున్నను కనబడనిది

1999లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు, డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనువారు, ఒక చిన్న చలనచిత్రముతో పరీక్ష జరిపిన ఫలితములను ప్రకటించిరి. అందులో తెల్లచొక్కాలవారు ముగ్గురు, నల్లచొక్కాలవారు ముగ్గురు. ఏ జట్టువారు ఆ జట్టువారికి బంతి అందించుకొనుచుందురు. ఒక జట్టువారు ఎన్నిసార్లు అందించుకొనిరో లెక్కింపుడని చూచువారితో చెప్పిరి. నడుమ గొరిల్లా వేషము, అనగా పెద్ద నల్లని కోతి వేషము వేసికొనిన ఒక మనిషి తాపీగా లోనికి వచ్చి, ఆటగాండ్ర మధ్య నిలిచి, రొమ్ము చరచుకొని, అవతలికి నడచిపోవును. ఆట ముగిసిన పిమ్మట అడుగగా చూచినవారిలో దాదాపు సగము మంది అట్టిదేదియు రాలేదనిరి. బంతుల లెక్క మాత్రము చెప్పిరి.

వారి కన్నులు అటు పోలేదేమో యని మీరు అనవచ్చును. 2006లో జర్మనీలో డేనియల్ మెమ్మెర్ట్ అను నతడు కంటిపాప కదలికను పట్టు యంత్రముతో పిల్లలను పరీక్షించెను. కోతిని గుర్తించిన పిల్లల చూపు దానిమీద ఎంతసేపు నిలిచెనో, గుర్తింపనివారి చూపును ఇంచుమించు అంతసేపే, అనగా ఒక సెకను కాలము, నిలిచినది. కన్ను పోయినది గాని మనస్సు వెంట పోలేదు.

ఇది చదువు లేనివారికో, పరధ్యానము గలవారికో చెందిన సంగతి యనుకొనవద్దు. 2013లో ఇరువదినలుగురు ఎక్స్‌రే వైద్యులకు ఊపిరితిత్తుల స్కాను చిత్రములు చూపి, వానిలో చిన్న గడ్డలు వెదకుమనిరి. చివరి రోగి చిత్రములలో అగ్గిపెట్టె పరిమాణమున ఒక కోతి బొమ్మను చేర్చిరి. అది మామూలు గడ్డకు నలుబదియెనిమిది రెట్లు పెద్దది. ఇరువదినలుగురిలో ఇరువదిమంది దానిని చూడలేదు. చూడనివారిలో సగమునకు పైగా సరిగా ఆ చోటనే చూపు నిలిపియుండిరని యంత్రము తెలిపినది. ఆ వైద్యులు అసమర్థులు కారు. తెల్లని గడ్డ కొరకు వెదకు మనస్సు నల్లని కోతిని లోనికి రానీయలేదు.

అన్నిటికంటె చింతింపదగినది మరియొకటి కలదు. ఇట్టి పొరపాటు జరుగునని మనకు తెలియదు. 2011లో ప్రకటింపబడిన ఒక సర్వేలో అమెరికా ప్రజలలో మూడు వంతులకు మించి, కంటి ముందునకు అనుకోనిది వచ్చినచో మనుష్యులు సాధారణముగా గుర్తింతురని చెప్పిరి. చూడని సంగతి లేనట్లే తోచును గనుక, చూడలేదన్న అనుమానమే కలుగదు. మబ్బు పట్టిన దినమున సూర్యుడు కనబడుట లేదని తెలియును. మనస్సునకు పట్టిన మబ్బు మాత్రము తాను మబ్బునని చెప్పదు.

గోతము క్రింది గొయ్యి

ఇక మా కథ. కొన్ని సంవత్సరముల క్రిందట అనంతపురము జిల్లాలో ఒక గ్రామమునకు చలనచిత్ర ప్రదర్శన కొరకు వెళ్ళినాము. పసిపిల్లల ఆరోగ్యమును గురించిన చిత్రమది. ప్రొద్దు గ్రుంకకముందే తెర కట్టవలెను. ఊరి చివర, బడి వెనుక చదునైన స్థలము చూపినారు. మేము చూడవలసినవన్నియు చూచినాము. గాలి ఏ వైపునుండి వచ్చుచున్నది, కరెంటు తీగ ఎంత దూరము లాగవలెను, ఆడవారు ఎక్కడ కూర్చుండవలెను, వాన వచ్చినచో యంత్రము ఎక్కడ దాచవలెను, ఒక్కటియు విడువలేదు. ఆ స్థలమున ఒక చోట నేలపై పాత గోతము పరచి, ఎగిరిపోకుండ రెండు రాళ్ళు పెట్టియుండిరి. తెర త్రాడు కట్టుటకు బరువు చాలక, ఆ రెండు రాళ్ళలో ఒకదానిని మాలో ఒకరు తీసికొని వచ్చిరి. మంచి రాయి దొరికినదని మేమందరమును సంతోషించినాము.

అటు తరువాత కుర్చీలు వేయుచుండగా, మేకలను తోలుకొని ఇంటికి పోవు ఎనిమిదేండ్ల బాలుడు ఒకడు ఆగి, "సార్, ఆడ కుర్చీ ఏయొద్దు. గోతం కింద బోరు గుంత ఉండాది" అన్నాడు.

గోతము తీసి చూచినాము. జానెడైనను లేని గుండ్రని రంధ్రము. టార్చిలైటు వెలుగు అడుగునకు చేరలేదు. ఒక మట్టిబెడ్డ వేసి చెవి యొగ్గి వింటిమి, చప్పుడు వినబడలేదు. ఆ గోతముపై మరికొంతసేపటికి ముందు వరుసలో పిల్లలు కూర్చుండెడివారు. వారు జాగ్రత్తగా పెరుగవలెనని చెప్పు చిత్రమును చూపుటకు మేము వచ్చియుంటిమి. అక్కడ కాపుగా నున్న రాయిని తీసినది కూడ మేమే.

సర్పంచి చాలసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "నాలుగేండ్లుగా దినమూ ఈ దావనే పోతాండాను సార్. గోతం సూసినా. గుంత సూడలేదు" అన్నాడు. ఆయన మంచివాడు, పనియందు శ్రద్ధ గలవాడు. ఆ మాటలో అబద్ధము లేదు. మేమును గోతమును చూచినాము, రాయిని చూచినాము, గుంతను చూడలేదు. మేము స్థలము కొరకు వెదకినాము, ఆయన దారి కొరకు చూచినాడు. మేకల కాళ్ళు విరుగునేమో యన్న భయముతో ఆ బాలుడు ఒక్కడే గుంతల కొరకు చూచినాడు. అతడు మాకంటె తెలివైనవాడని చెప్పుట మా ఉద్దేశము కాదు. అతని మనస్సు అడిగిన ప్రశ్న వేరు.

ఆ రాత్రి ప్రదర్శన వేరొకచోట జరిపినాము. గుంతపై బండ వేయించి, మరునాడు పూడ్పించినారు. తరువాత పంచాయతీ సభ్యులు కూర్చుండి గ్రామములో ఇట్టివి ఎన్ని కలవో వ్రేళ్ళపై లెక్కించిరి. ఒకరు చెప్పగా ఒకరికి జ్ఞప్తికి వచ్చినది. చివరకు వ్రేళ్ళు చాలక కాగితము తెప్పించుకొనిరి.

నీరు లేని బోరు

నీరు పడిన బోరును ఊరంతయు చూచును. దానికి మోటారు ఉండును, స్టార్టరు పెట్టె ఉండును, పైపు ఉండును. ఫలానావారి బోరు అని పేరుండును. నీరు పడని బోరునకు ఏమియు ఉండదు. రైతు అప్పు చేసి వేయించినాడు, నీరు రాలేదు. గట్టి రాతి నేలలలో పైభాగమున దించిన కేసింగు పైపును తరువాతి బోరునకు పనికివచ్చునని పైకి లాగివేయుదురు. మిగులునది నేలలో ఒక రంధ్రము, మనస్సులో ఒక దుఃఖము. ఆ రైతు దానివంక చూడగోరడు. ఇతరులకు దానితో పని లేదు. తొలకరి వానకు చుట్టును గడ్డి మొలచును. ఊరిలో అందరి కన్నులు నీటికొరకు వెదకుచుండును గనుక నీరు లేని చోటు ఎవరికిని కనబడదు.

దాని ఫలితము మీకు తెలియును. 2006 జూలైలో హర్యానా రాష్ట్రము కురుక్షేత్ర జిల్లాలో ఒక పసివాడు బోరు గుంతలో పడగా, సైనికులు ప్రక్కనుండి దారి త్రవ్వి ఇంచుమించు ఏబది గంటల తరువాత బ్రతికించి తెచ్చిరి. దేశమంతయు టెలివిజనులో చూచి సంతోషించినది. అట్టి అదృష్టము అందరికిని లేదు. 2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలములో ఏడాదిన్నర పాప, 2020 మేలో మెదక్ జిల్లాలో మూడేండ్ల బాలుడు ఇట్లే పడి మరణించిరి. మెదక్ జిల్లాలోని ఆ బోరు అప్పుడే వేసినది. నీరు పడలేదని విడిచినది. గుంత పాతబడి మరుగుపడుటకు సంవత్సరములు పట్టునని మనము తలతుము. నీరు పడలేదన్న క్షణముననే అది మన చూపునుండి తొలగిపోవును.

చట్టము లేదని ఎవరును అనలేరు. సుప్రీంకోర్టు ఈ విషయమును తనంతట తానే విచారణకు తీసికొని 2010లో మార్గదర్శక సూత్రములు ఇచ్చినది. బోరు వేయుటకు కనీసము 15 దినములు ముందుగా భూమి యజమాని అధికారులకు వ్రాతమూలముగా తెలుపవలెను; ఆ అధికారులలో గ్రామ సర్పంచి పేరును కలదు. పని జరుగుచోట యజమాని పేరు, బోరు వేయు సంస్థ పేరు గల బోర్డు, చుట్టును కంచె ఉండవలెను. కేసింగు చుట్టును సిమెంటు దిమ్మె కట్టవలెను. గొట్టము నోటికి ఇనుప మూత బిగింపవలెను. విడిచిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చవలెను. గ్రామములలో దీనిని కనిపెట్టు భారము సర్పంచిపైనను, వ్యవసాయశాఖ ఉద్యోగిపైనను ఉంచినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టమును బావుల నమోదును కోరుచున్నది. చట్టము చేయదగినది చేసినది. కాని చట్టము కన్ను కాజాలదు. గుంత ఉన్నదని ఒకరు చూచి చెప్పినప్పుడు గాని చట్టము కదలదు.

చూపునకు ఒక పద్ధతి

అట్లయిన మేమేమి చేయవలెనని మీరు అడుగుదురు. జాగ్రత్తగా ఉండుడని చెప్పి కూర్చుండుట తేలిక. దానివలన ప్రయోజనము స్వల్పము. ఎక్స్‌రే వైద్యులు జాగ్రత్త లేనివారు కారు, మేమును ఆ సాయంకాలము జాగ్రత్తగానే ఉంటిమి. మనస్సు స్వభావమే జల్లెడ యైనప్పుడు, దానిని తిట్టుటకంటె దానికి తగిన ప్రశ్న నిచ్చుట మేలు. అడిగినదానిని అది చక్కగా వెదకి తెచ్చును. అడుగనిదానిని తేదు. ఇందుకు నాలుగు ఉపాయములు మాకు తోచినవి.

మొదటిది: ఒక నడకకు ఒకే ప్రశ్న. గ్రామ పర్యటన యని బయలుదేరి రోడ్లు, దీపములు, కాలువలు, బడి అన్నియు ఒక్కసారి చూడబోయిన, ఎవరో ఒకరు ఎదురై పింఛను సంగతి ఎత్తుదురు. చూపు అటు పోవును. ఒక దినము కేవలము బోరు గుంతల కొరకు నడువుడు. ఆ దినము మరేమియు చూడకున్నను పరవాలేదు. పొలములవారిగా, సర్వే నంబరుల వరుసన నడచి, వాడుకలో నున్నవి, విడిచినవి, పూడ్చినవి, తెరచియున్నవి అని నాలుగు గళ్ళ పుస్తకమున వ్రాసికొనుడు. మరియొక దినము నీటి ట్యాంకు మూతలు, మరియొక దినము చేతికందు కరెంటు తీగలు. అర్జునుని చూపును ఈ విధముగా మనకు అనుకూలము చేసికొనవచ్చును.

రెండవది: ఇద్దరు కలిసి, వ్రేలు చూపి, పైకి చెప్పుట. మన రైలు నడుపువారిని గమనించినారా? సిగ్నలు కనబడగనే నడుపువాడును సహాయకుడును దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకొందురు. ఎర్ర దీపమును ఎదుట పెట్టుకొని కూడ మనస్సు దాటిపోవచ్చునని రైల్వేవారికి తెలియును. జపానులో దీనికి తోడు వ్రేలు చూపుటయు కలదు. 1990లలో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ పరీక్షింపగా, చూపి చెప్పుటవలన సామాన్యమైన పనులలోని తప్పులు ఇంచుమించు ఆరవ వంతునకు తగ్గినవి. పంచాయతీ సభ్యులు దారిలో నిలిచి వ్రేలు చూపి "ఇది మూసినది, ఇది తెరచినది" అని పైకి చెప్పినచో నలుగురు నవ్వవచ్చును. నవ్వనిండు. నవ్వినవారును అటు చూతురు.

మూడవది: ఇతరుల కన్నులు. మేకలు కాచు బాలుడు, ఉత్తరములు పంచువాడు, కరెంటు లైన్‌మాను, ఆశా కార్యకర్త, చేలలో కలుపు తీయు స్త్రీలు. వీరిలో ప్రతివారు మీరు నడువని దారిని నడుతురు, మీరు అడుగని ప్రశ్నను అడుగుదురు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి ఇంటి గోడ బీట మొదటి దినముననే కనబడును. పది సంవత్సరములుండిన అత్తకు అది గోడలో భాగము. అట్టి క్రొత్త కంటిని కసరి పంపకుడు.

స్త్రీలకు పంచాయతీలలో స్థానములుంచుటయందు ఈ లాభమును కలదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చినప్పుడు మూడవ వంతునకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. మన తెలుగు రాష్ట్రములు రెండును దానిని సగమునకు పెంచినవి. పశ్చిమ బెంగాలు, రాజస్థాన్ రాష్ట్రములలో 265 పంచాయతీలను పరిశీలించి రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అను ఆర్థికవేత్తలు 2004లో ఒక వ్యాసము ప్రకటించిరి. స్త్రీలు అధ్యక్షులుగా నున్నచోట్ల మంచినీటి వసతులు హెచ్చుగా ఏర్పడినవని వారు కనుగొనిరి. దీనికి కారణము చూపు ఒక్కటే యని మేము అనము. అవసరమును, అధికారమును అందు కలిసియున్నవి. అయినను బిందె మోసిన నడుమునకు కుళాయి దూరము కనబడినట్లు మోయని నడుమునకు కనబడదు. ఇక్కడ కూర్చున్న సోదరీమణులు ఈ మాట గ్రహింతురు. సభలో భర్తగారు మాట్లాడిన చాలునని ఊరకుండకుడు. మీరు మాటలాడనిచో ఊరు సగము కన్నుతో చూచుచున్నదన్నమాట.

నాలుగవది: గ్రామసభలో ఒక ప్రశ్న. సభ ముగియుటకు ముందు సర్పంచిగారు లేచి, "మాకు కనబడనిది మీకు కనబడినది ఏమైన ఉన్నదా?" అని అడుగవలెను. అడిగి కొంచెము సేపు ఊరకుండవలెను. మొదటిసారి ఎవరును మాటలాడకపోవచ్చును. రెండవసారి ఒక ముసలమ్మ లేచి తన ఇంటి ముందరి కాలువ బండ సంగతి చెప్పును. దానిని ఫిర్యాదుగా భావింపక కంటిచూపుగా స్వీకరింపుడు. ఫిర్యాదు చేసినవానిపై కోపము వచ్చును; దారి చూపినవానిపై రాదు. చెప్పినవారి పేరు పుస్తకమున వ్రాసి, పని ముగిసిన పిమ్మట సభలో చదివినచో మరియొకరికి చెప్పు ధైర్యము కలుగును.

ఈ నాలుగింటికిని చెప్పుకోదగిన ఖర్చు లేదు. గుంత పూడ్చుటకు మట్టియు, రాళ్ళును, ఒక పూట శ్రమయు చాలును. తెరచి విడిచిన గుంతలోనుండి బిడ్డను తీయుటకు సైన్యము వచ్చినను ఒక్కొక్కప్పుడు చాలదు.

ముగింపు

అనంతపురము జిల్లాలోని ఆ బాలుని పేరు మేము అప్పుడు అడుగలేదు. గుంతను చూచి కంగారుపడి, బండ వేయించు తొందరలో ఉండగా అతడు మేకలతో పోయినాడు. అతడు వెళ్ళినది కూడ మేమెవ్వరము చూడలేదు. ప్రాణములు నిలిపినవానిని సైతము గమనింపనంతగా మా మనస్సు గుంతమీద నిలిచినది. మనస్సు చేయు పని ఇట్టిదని ఇంతకంటె ఎక్కువ చెప్పనక్కరలేదు.

మొదట అడిగిన ప్రశ్నను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మీ ఇంటికిని పంచాయతీ కార్యాలయమునకును నడుమ తెరచియున్న బోరు గుంతలు ఎన్ని? ఒక్కటియు లేదని మీకు తోచినచో, నిజముగా లేకపోవచ్చును, ఉండి కనబడకపోవచ్చును. ఈ రెండింటికిని గల భేదము ఇక్కడ కూర్చుండి తెలిసికొనుటకు వీలు కాదు. ఈ దినము ఇంటికి మరలునప్పుడు వెలుతురు ఇంకను ఉండును. ఒక తోడును వెంటబెట్టుకొని, ఆ ఒక్క ప్రశ్నయే మనస్సున నిలుపుకొని, మెల్లగా నడచి వెళ్ళుడు.